పొట్ట తోలు అడిగితే వీపు తోలు ఇచ్చాను

మీరు కొట్లో బెల్టు కొనేటప్పుడు దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తారు. కొందరు తెలివైనవాళ్ళు అగ్గిపుల్ల గీసి అంచు కాల్చి చూపించమంటారు. దానివల్ల అది తోలా కాదా అన్నది తేలుతుంది గానీ, జంతువు ఒంటిమీద ఏ చోటి తోలు అన్నది తేలదు. అసలు సంగతంతా అక్కడే ఉంది. నాచారం పారిశ్రామికవాడలో ఒక రేకుల షెడ్డు కింద ముప్పై నాలుగేళ్ళు తోలు కోసి, రెండేళ్ళ కిందట రిటైరై, ఇప్పుడు దమ్మాయిగూడలో మా ఆవిడ చెప్పిన కూరగాయలు కోస్తున్న మనిషిగా చెబుతున్నాను. వినేవాళ్ళు వినండి. విననివాళ్ళు ఆర్నెల్లకొక బెల్టు కొనుక్కోండి, మా షెడ్డులో ఇంకా పనిచేస్తున్న పిల్లలకు ఆధారంగా ఉంటుంది.

బర్రె తోలు మాకు నిలువునా రెండు సగాలై వచ్చేది. ఒక సగాన్ని బల్లమీద పరిస్తే పై అంచున వీపు, కింది అంచున పొట్ట, ఒక పక్కన మెడా భుజమూ. వీపు తోలు మందం, గట్టిది, ఎంత లాగినా సాగదు. మెడ, భుజం ముడతలమయం. పొట్ట పలుచగా, మెత్తగా ఉంటుంది. లాగితే సాగుతుంది, సాగింది మళ్ళీ వెనక్కి రాదు. దూడను మోసిన చోటు కదా, సాగడమే దాని పని. మేము చేసేవి స్తంభాలెక్కే కరెంటు వాళ్ళ నడుము బెల్టులు, పనిముట్ల సంచులు, కొట్లకు పంపే మామూలు బెల్టులు. బెల్టుకు వీపు, సంచికి భుజం, లోపలి అరలకు పొట్ట. నా విద్య మొత్తం ఇదే. దీన్ని నేర్చుకోవడానికి నాకు ఏడాది పట్టింది, మిగతా ముప్పై మూడేళ్ళూ దాన్ని తప్పించుకునే దారులు వెతికాను.

మా ఊళ్ళో తోలు ముట్టిన చేతులతో ఇచ్చిన నీళ్ళు తాగనివాళ్ళు ఉండేవాళ్ళు. వాళ్ళలో ఒకాయన కొడుకు ఉప్పల్‌లో ఇల్లు కట్టుకుని, నేను కోసిన బెల్టు నడుముకు పెట్టుకుని గుడికి వెళ్ళేవాడు. ఊళ్ళో అది తోలు, నాచారంలో అది లెదర్ గూడ్స్. నేనైతే ఇద్దరికీ నమస్తే పెట్టాను. కోపం లేదని కాదు, పని ఎక్కువ ఉండేది.

షెడ్డులో మేము మనుషులకు కూడా తోలు పేర్లే పెట్టుకునేవాళ్ళం. పెద్ద సారు వీపు, ఎంత లాగినా సాగడు. సూపర్‌వైజర్ మెడ, పని తక్కువ, ముడతలెక్కువ. స్టోర్ చూసే ఆయన పొట్ట, రెండు చాయ్‌లు తాగిస్తే కొత్త కత్తి ఇచ్చేవాడు. నాకేం పేరు పెట్టారో నా ముందు ఎవరూ అనలేదు. రిటైరయ్యాక తెలిసింది, కొమ్ము అట. తోలు పనిలో దేనికీ అక్కరకు రానిది అదొక్కటే.

ఎవరూ పేరు పెట్టడానికి సాహసించనిది ఒక్కరికే, చెకింగ్ బల్ల దగ్గర ఉండే ఆమెకు. నాకన్నా ఆరేడేళ్ళు చిన్నది, జనగామ వైపు నుంచి వచ్చి ఉప్పల్‌లో ఉండేది. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడింది. ఆ కాలికి ఇనుప కడ్డీల క్యాలిపర్ వేసుకుని, షేర్ ఆటోలో ముందు సీటు డ్రైవర్‌తో కొట్లాడి సంపాదించుకుని, మా అందరికన్నా ముందు షెడ్డుకు వచ్చేది. మేము కోసిన ప్రతి ముక్కా ఆమె బొటనవేలి కిందినుంచి పోవాలి. ముక్కను మడిచి, వేలితో నొక్కి, ఒకసారి లాగి, నచ్చకపోతే సుద్దముక్కతో ఇంటూ మార్కు కొట్టి నా బల్లమీదికి విసిరేది.

తోలు కోసేవాడి గొప్పంతా ఒక తోలులో ఎన్ని ముక్కలు తీశాడన్నదాంట్లో ఉంటుంది. అందుకని నేను వీపు అయిపోయే చోట కత్తిని కొంచెం కిందికి జారనిచ్చేవాణ్ణి. అది ఆమె వేలికి దొరికిపోయేది.

"అన్నా, గిది పొట్ట."

"కాదు చెల్లె, వీపు పక్కది."

"వీపు పక్కపొంటి కిందికి పోతే వచ్చేది పొట్టనే. స్తంభమెక్కేటోడు నీ నవ్వు మొఖం జూసి ఎక్కుతడా? మళ్ల కొయ్యి."

ఇలా ముప్పై ఏళ్ళు నడిచింది. ఆమెను తిట్టుకోని రోజు లేదు. ఆమె సెలవు పెట్టిన రోజు మాత్రం నేను కోసిన బెల్టులు చూసుకుంటే నాకే భయం వేసేది.

పెద్ద సారు మోకాళ్ళు పనిచేయడం మానేశాక ఆయన కొడుకు, చిన్న సారు, వచ్చాడు. మంచి పిల్లవాడే. పొద్దున్నే జిమ్‌కు వెళ్ళేవాడు, అందరినీ మీరు అనేవాడు. ఎక్కడో శిక్షణ తరగతులకు వెళ్ళి వచ్చి, నిలబడి పనిచేస్తే పని చురుగ్గా సాగుతుందని చెప్పాడు. మరునాటికి షెడ్డులో స్టూళ్ళు మాయమయ్యాయి. కూర్చుని మాకు ఇంత మేలు చేసిన స్టూళ్ళను ఒక్కమాట అనకుండా పాత సామాను గదిలో పడేశారు. మేము గొణుక్కుంటూ నిలబడ్డాం. ఆమె సంగతి ఏమిటని సూపర్‌వైజర్ అడిగితే, చిన్న సారు ఆమెనే పిలిచాడు.

"అమ్మా, సోమవారం ఒక్కరోజు సాయంత్రం దాకా నిలబడి చూపించండి. అయితే ఇక్కడే ఉండండి. కాకపోతే ఇంటి దగ్గర కూర్చుని చేసుకునే కుట్టుపని ఏదైనా పంపిస్తాం. మీ మంచికే."

ఆ మధ్యాహ్నం ఆమె టిఫిన్ డబ్బా తెరవకుండా నా బల్ల దగ్గరికి వచ్చింది.

"అన్నా, నేను గా కుట్టుపని జెయ్య. గీడున్నంత సేపు నేను చెకింగామెను. ఇంటికాడ గూసున్ననంటే కాలు లేనిదాన్నే. గంతే."

"గట్లెందుకంటవ్ చెల్లె?"

"ఉన్నమాటే అంటున్న. నిలవడ్తనన్నా. గని నా క్యాలిపర్‌ది తొడపట్టీ పాతగై సినిగింది. కొత్తది జేసియ్యి. పట్టీ పొట్ట తోలుతోని జెయ్యి. బక్కిళ్ళ బెల్టులు రెండు వీపుతోని. ఇన్నవా? పట్టీ పొట్ట, బెల్టులు వీపు."

రెండుసార్లు చెప్పింది. నేను రెండుసార్లు తలూపాను. ఆమె వెళ్ళాక ఆ మాటనే తిప్పి తిప్పి చూసుకున్నాను. ముప్పై ఏళ్ళు నా పొట్ట ముక్కలను మొహాన కొట్టిన మనిషి, తన వంతు వచ్చేసరికి పొట్ట అడగడమేమిటి? ఏ ముక్కలకుప్పలోదో ఇస్తే చాలని అనుకుంటోందా? నా దగ్గర మంచి తోలు అడగడానికి మొహమాటపడుతోందా?

ప్రెస్ మిషన్ నడిపే ఆయనతో ఈ మాట అన్నాను. ఆయనది గుడివాడ దగ్గర ఏదో ఊరు. ప్రతి విషయంలోనూ ఆయనకొక అభిప్రాయం ఉండేది, అదీ గట్టిగా.

"ఇందులో ఆలోచించడానికేముందండీ మాస్టారూ! పాపం, మొహమాటపడుతోందావిడ. మీరు నోరు మూసుకుని మంచిదే వేసెయ్యండి. తర్వాత తెలిస్తే కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది చూడండి."

కళ్ళనీళ్ళ విషయంలో ఆయన చెప్పింది నిజమే అయింది.

నా దగ్గర ఒక వీపు ముక్క ఉండేది. రిటైరయ్యే రోజున నా నడుముకు పెట్టుకోవడానికి బెల్టు చేసుకుందామని ఎన్నో ఏళ్ళ కిందట దాచుకున్నది. అలాంటి తోలు మళ్ళీ చూడలేదు. దాన్ని తీసి ఆమె పాత పట్టీ కొలతకు కోశాను. మొదటి ముక్క కొంచెం పెద్దదైతే పక్కన పెట్టి రెండోది కోశాను. అంచులు నున్నగా రుద్దాను. వేలితో నొక్కితే వీపని ఆమె పట్టేస్తుందని లోపల మేక తోలు అస్తరు అంటించి, పైన రంగు పూశాను. రెండు మధ్యాహ్నాలు అన్నం తిన్నట్టే లేదు. నా జీవితంలో నేను చేసిన అతి గొప్ప వస్తువు అదేనని ఈరోజు కూడా చెప్తాను, అది చేసిన పాడుపని పక్కన పెడితే.

శనివారం ఆమె చేతికిచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసింది.

"బరువున్నదేందన్నా?"

"కొత్తది గదా. తొడుగంగ తొడుగంగ అల్కగైతది."

"పొట్టనే గదా?"

"పొట్టనే."

ఇంకేమీ అడగకుండా సంచిలో పెట్టుకుంది. ముప్పై ఏళ్ళలో ఆమె నా మాట నమ్మిన రోజు అదొక్కటే.

సోమవారం ఆకుపచ్చ పంజాబీ డ్రెస్సు వేసుకుని వచ్చింది. పదింటిదాకా బాగానే ఉంది. నేను కోసినవాటిలో మూడు తిప్పికొట్టింది, ప్రెస్ ఆయనవి నాలుగు. పదకొండు దాటాక బరువు ఒక కాలిమీదినుంచి ఇంకో కాలిమీదికి మార్చడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం అందరం కింద కూర్చుని డబ్బాలు తెరిస్తే, ఆమె బల్లకు ఆనుకుని నిలబడే తింది. పంతం అనుకున్నాను. కూర్చుంటే పట్టీ అంచు తొడలోకి దిగుతోందని నాకు తట్టలేదు. నేనేమో లోలోపల మురిసిపోతున్నాను, ఏం పట్టీ చేశానురా అని.

మూడింటికి ఆమె చేతిలోంచి సుద్దముక్క కింద పడింది. వంగి తీసుకోలేదు. పక్కన ఉన్న మిషన్ అమ్మాయి తీసి ఇవ్వబోయి, కెవ్వుమని "అక్కా, నెత్తురు!" అంది. ఆకుపచ్చ బట్ట మీద తొడ దగ్గర నల్లగా తడి. ఆమె బల్ల పట్టుకుని మెల్లగా కిందికి దిగి కూర్చుంది.

ఆడవాళ్ళు చుట్టూ చేరి క్యాలిపర్ విప్పారు. ఆమె ఆ పట్టీని చేతిలోకి తీసుకుంది. అస్తరును పట్టించుకోలేదు. నిలువు అంచును రెండు బొటనవేళ్ళ మధ్య పెట్టి వంచడానికి చూసింది. అది వంగలేదు. తలెత్తి నావైపు చూసింది.

"అన్నా, గిది వీపు."

షెడ్డులో మిషన్లు ఆగిపోయాయి. నేను నోరు తెరిచాను.

"మంచిదిద్దామని..."

"ఎవలికి మంచిది? నా కాలుకా, నీ మనసుకా? నిలవడితే కండ ఒక తీరుగుంటది, కూసుంటే ఒక తీరుగుంటది. తోలు గుడ దాంతోని సాగాలె. గందుకే పొట్ట అడిగిన. నువ్వు సాగనిదాన్ని తెచ్చి కట్టినవ్. నీ కోసుడు ముప్పై ఏండ్ల సంది నేను జూస్తున్న. నా కాలును పుట్టినకాంచి జూస్తున్న. దానికేం గావాల్నో నాకు తెల్వదనుకున్నవా?"

ఆమె ఏడ్చింది. నొప్పికి కాదు. ఆ తేడా తెలియనంత మొద్దును కాను. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. అంతకుముందు నేను ఆమెకు బోలెడు అబద్ధాలు చెప్పాను, అన్నీ నా లాభం కోసం. వాటివల్ల ఆమెకు ఏమీ కాలేదు. దయతో చెప్పిన ఒక్క అబద్ధం ఆమెను కింద కూలదోసింది.

చిన్న సారు మేడమీది ఆఫీసు నుంచి దిగి వచ్చాడు. నెత్తురు చూసి ఆయనే పాలిపోయాడు. "ముందు దవాఖానాకు తీసుకెళ్ళండి. నేను అన్నాను కదా, ఇంటి దగ్గర పని పంపిస్తామని. ఎందుకీ బాధ?" అన్నాడు.

"సార్, తప్పు కాలుది కాదు. నాది," అన్నాను. ఏం జరిగిందో అందరి ముందూ చెప్పాను.

ఆయనకు అర్థం కాలేదు. "మాస్టర్, మీరు ఇంకా మంచి లెదరే ఇచ్చారు కదా. అయినా తట్టుకోలేకపోయారంటే..."

అప్పుడు నాకు ఎక్కడినుంచి వచ్చిందో ధైర్యం, కొలత తప్పి పక్కన పెట్టిన మొదటి ముక్క తీసుకొచ్చాను. "జర మీరు కట్టుకొని సూడున్రి సార్. మీ జిమ్ము తొడకు సరిపోతది."

సూపర్‌వైజర్ మెడ మీద ఇంకో రెండు ముడతలు పడ్డాయి. చిన్న సారు మాత్రం నవ్వి, ప్యాంటు మీదే కట్టమన్నాడు. రెండు బెల్టులు వేసి క్యాలిపర్‌కు కట్టినంత గట్టిగా బిగించాను. నా మనసులో ఉన్న బాధనంతా ఆ బక్కిళ్ళ మీద పెట్టానని ఒప్పుకుంటాను. "ఒకసారి మేడెక్కి, కుర్చీల గూసోని, మళ్ల దిగి రండి," అన్నాను.

ఎక్కడం బాగానే ఎక్కాడు. పైన కుర్చీలో కూర్చున్న చప్పుడు, వెంటనే లేచిన చప్పుడు రెండూ వినబడ్డాయి. ప్రెస్ ఆయన గాజు గ్లాసులో తెచ్చుకున్న చాయ్ ఇంకా పొగలు కక్కుతూనే ఉంది, సారు దిగి వచ్చేశాడు. ఎర్రబడిన మొహంతో, కాలు ఈడుస్తూ.

"విప్పండి మాస్టర్," అన్నాడు.

"సాయంత్రం దాంక ఉండాలె గద సార్?" అని కింద కూర్చున్న ఆమె అంది. కళ్ళు తుడుచుకోలేదు ఇంకా.

షెడ్డంతా బిగబట్టిన నవ్వు. చిన్న సారు ఆమెవైపు చూశాడు. ఆయనలో పెద్ద సారు రక్తం తక్కువే, కాస్త సాగే గుణం ఉంది. "పది రోజులు సెలవు తీసుకోండమ్మా. మానాక మళ్ళీ చూద్దాం," అన్నాడు.

ఆటో ఎక్కేముందు ఆమె నన్ను పిలిచింది. క్షమించమని అడుగుదామని వెళ్ళాను. ఆమె ఆ అవకాశం ఇవ్వలేదు. "పొట్ట నా ముంగట కొయ్యి," అంది. ముక్కలకుప్ప తెప్పించి, ఒక్కొక్కటి లాగి చూసి, ఎవరూ కన్నెత్తి చూడని ఒక ముక్కను ఏరి ఇచ్చింది. ఆమె చూస్తుండగా కోశాను.

పుండు మానాక ఒక ఆదివారం పొద్దున మా ఇంటికి వచ్చింది. పొట్ట తోలును నీళ్ళలో నానబెట్టి, ఒంటికి చుట్టుకుని అలాగే ఆరనిస్తే, అది ఆ మనిషి ఆకారాన్ని పట్టుకుంటుంది. వీపు తోలుకు ఎంత నీళ్ళు పెట్టినా ఆ వినయం రాదు. మా ఆవిడ ఆమె తొడకు గుడ్డ చుట్టి, దానిమీద తడి తోలు కట్టి, మిద్దెమీద ఎండలో కూర్చోబెట్టింది. ఆరేదాకా మూడు గంటలు పట్టింది. కాసేపు కూర్చుంది, కాసేపు నిలబడింది. ఆ మూడు గంటలూ ఇద్దరూ కలిసి నన్ను తిట్టారు. ఒకరు ముప్పై ఏళ్ళ షెడ్డు లెక్క చెబితే, ఇంకొకరు ముప్పై రెండేళ్ళ ఇంటి లెక్క చెప్పారు. నేను మెట్లమీద కూర్చుని వీపు తోలుతో బక్కిళ్ళ బెల్టులు కుట్టాను. వినబడనట్టు కుట్టడం కూడా ఒక విద్యే.

అంతా బిగించి ఇచ్చాక ఆమె పట్టీని నొక్కింది, మడిచింది, లాగింది. తర్వాత సంచిలోంచి సుద్దముక్క తీసింది. ఆదివారం పూట, మా ఇంటి మిద్దెమీద, ఇంటూ మార్కు కొట్టింది.

"తోలు మంచిగున్నది. బక్కిల్ కాడ కుట్టు వంకరవోయింది. ఇప్పి మళ్ల కుట్టు."

విప్పి మళ్ళీ కుట్టాను.

రెండోసారి నిలబడే రోజు వచ్చింది. ఆమె అదే ఆకుపచ్చ డ్రెస్సు వేసుకుని వచ్చింది, ఉతికినా ఒకచోట మచ్చ పోలేదు. పొద్దున బల్ల దగ్గర నిలబడింది. మధ్యాహ్నం మాతోపాటు కింద కూర్చుని, నా డబ్బాలోంచి మామిడికాయ తొక్కు అడగకుండా తీసుకుని తింది, లేచి మళ్ళీ నిలబడింది. చిన్న సారు ఏదో పని ఉన్నట్టు నాలుగుసార్లు అటునుంచి ఇటు తిరిగాడు. మూడు గంటలయ్యేసరికి షెడ్డులో ఎవరికీ పనిమీద ధ్యాస లేదు. ప్రెస్ ఆయన దేవుడి పటంవైపు తిరిగి పెదవులు కదుపుతున్నాడు. నేను తలెత్తకుండా కోస్తున్నాను, చూస్తే ఎక్కడ కూలబడుతుందోనని. అప్పుడు నా బల్లమీద టప్‌మని ఒక ముక్క వచ్చి పడింది. దానిమీద తెల్లగా ఇంటూ మార్కు.

సాయంత్రం గంట కొట్టేలోపు అలాంటివి పదకొండు పడ్డాయి. అంతకుముందు ఏ ఒక్కరోజూ అన్ని తిరిగి రాలేదు. ప్రతిదాన్నీ ఎత్తి పక్కన పెట్టుకుంటూ, పిచ్చివాడిలా నవ్వుకుంటూ మళ్ళీ కోశాను. చివరిది విసిరేటప్పుడు అటునుంచి గొంతు వినబడింది, అలసిపోయిన గొంతే, కానీ నిలబడ్డ మనిషి గొంతు.

"పొట్ట నా కాలుకు అడిగినన్నా, స్తంభమెక్కేటోని నడుముకు కాదు. మళ్ల కొయ్యి!"